సెస్నా 172లో ఇంధనం లెక్క, ఇంజిన్ ఆగితే చేయాల్సిన పని

సెస్నా 172ఎన్ అనే నాలుగు సీట్ల చిన్న విమానం మామూలు ట్యాంకుల్లో 163 లీటర్లు పడుతుంది. వాడుకోవడానికి వచ్చేది 151 మాత్రమే. అడుగున మిగిలేది ఇంజిన్‌కు అందుతుందన్న భరోసా లేదు, దాన్ని లెక్కలోకే తీసుకోకండి.

ఓర్వకల్లు (కర్నూలు విమానాశ్రయం) నుంచి కడపకు నేరుగా సుమారు 80 నాటికల్ మైళ్ళు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు). 100 నాట్ల (గంటకు 100 నాటికల్ మైళ్ళ) వేగంతో 48 నిమిషాలు, 20 నాట్ల ఎదురుగాలి ఉంటే గంట. అవ్‌గ్యాస్ (ఈ విమానానికి వాడే పెట్రోలు) అన్నిచోట్లా దొరకదు కాబట్టి రానుపోను ఓర్వకల్లులోనే నింపుకోవాలి. గంటకు 32 లీటర్ల చొప్పున రెండు గంటలకు 64, ట్యాక్సీకీ పైకెక్కడానికీ 8, చేతిలో గంట నిల్వకు 32, మొత్తం 104 లీటర్లు. ఇంతకు తగ్గితే బయల్దేరకండి. పైకెక్కాక మిక్చర్ లీన్ చేయకపోతే, అంటే గాలిలో కలిసే ఇంధనం తగ్గించకపోతే, ఈ లెక్క కూడా చాలదు.

గేజ్ ముల్లును నమ్మకండి. విమానాన్ని చదునైన చోట నిలిపి, దానికే గుర్తులు పెట్టిన డిప్‌స్టిక్‌తో రెండు ట్యాంకులూ కొలవండి. తర్వాత డ్రెయిన్ల నుంచి గాజుకప్పులోకి తీసి చూడండి. 100ఎల్ఎల్ రకం అవ్‌గ్యాస్ నీలంగా ఉండాలి. నీళ్ళుంటే అడుగున వేరుగా నిలుస్తాయి. కప్పు నిండా నీళ్ళే వస్తే గీత కనబడదు, అందుకే రంగు తప్పకుండా చూడాలి. రంగు లేకుండా కిరోసిన్ వాసన వస్తే స్టార్ట్ చేయకండి. మన ఎండలకు ట్యాంకు మూత రబ్బరు పగుళ్ళిస్తుంది, వానకు నీరు దిగేది అక్కడే. ఎడమ రెక్క కింది వెంట్‌లో (గాలి పోయే గొట్టంలో) కందిరీగ మట్టి పెడితే ట్యాంకులోకి గాలి సరిగా పోదు, ఇంధనం ఉన్నా ఇంజిన్ ఆగవచ్చు.

దారి కూడా ముఖ్యమే. ఎర్రమల గుట్టల మీదుగా నేరుగా పోయేకంటే కొంచెం తూర్పుకు జరిగి కుందూ లోయ పొలాల మీదుగా పోతే దిగడానికి చోటు ఉంటుంది.

ఇంజిన్ ఆగితే ముందు 65 నాట్లు పట్టండి. 1000 అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైలు జారుతుంది. చేను ఎంచుకుని, దానివైపు తిరిగాకే కారణం వెతకండి: కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో మంచు కరిగించే వేడిగాలి) ఆన్, సెలెక్టర్ (ట్యాంకు ఎంచుకునే మీట) బోత్, మిక్చర్ రిచ్ (ఇంధనం ఎక్కువ), మాగ్నెటో (నిప్పురవ్వ ఇచ్చే పరికరం) బోత్, ప్రైమర్ (స్టార్టుకు ఇంధనం కొట్టే చేతిపంపు) లోపలికి నొక్కి లాక్. టేకాఫ్ అవుతూనే ఆగితే మాత్రం రన్‌వే వైపు తిరగకండి. ఆ ఎత్తులో మలుపు స్టాల్‌కు (రెక్కలు విమానాన్ని మోయలేక పడిపోవడానికి) దారి తీస్తుంది. ఎదురుగా ఉన్న చోటే దిగండి.

వేరుశనగ పీకేసిన ఎర్రచేను మంచిది, సాళ్ళ వెంబడే దిగాలి. తడిసిన నల్లరేగడిలో ముందు చక్రం దిగబడి విమానం తలకిందులవుతుంది. వరిమడిలో గట్లు, చీనీ తోటలో చెట్లు. బోరు ఉన్నచోట కరెంటు తీగ ఉంటుంది. తీగ కనబడదు, స్తంభాల వరస చూసుకోండి. గాలి ఎటో తెలియకపోతే, దగ్గర్లో గుట్టల మీద గాలిమరలు ఉంటే చూడండి. తిరిగే రెక్కలు గాలికి ఎదురుగా ఉంటాయి, మీరూ అటే ముఖం పెట్టి దిగండి.

రేడియోలో 121.5 అత్యవసర ఫ్రీక్వెన్సీ మీద మేడే (ప్రాణాపాయ పిలుపు) చెప్పి, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు కోడ్ పంపే పరికరంలో) అత్యవసర కోడ్ 7700 పెట్టండి. దిగేముందు మిక్చర్ నాబ్ బయటికి లాగి, ఇంధనం, మాగ్నెటో కట్టేసి, తలుపుల గొళ్ళెం తీయండి. ఫ్లాప్స్ (వేగం తగ్గించి దిగడానికి రెక్కల వెనక కిందికి వంగే భాగాలు) కరెంటుతో నడుస్తాయి, వాటిని పూర్తిగా దించాకే మాస్టర్ (విద్యుత్ ప్రధాన స్విచ్) ఆపాలి.