కొత్త గేర్‌బాక్స్ వేశాక కూడా బండి స్లిప్ అవుతోందా? మళ్లీ దింపించే ముందు ఇవి చూడండి

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మార్పించి వారం తిరక్కముందే బండి స్లిప్ అవుతుంటే ఓనర్‌కి ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, ఆర్‌పీఎం ముల్లు మూడు వేలు దాటుతుంది, బండి మాత్రం వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు కదులుతుంది. అప్పుడు వర్క్‌షాప్‌లో వినిపించే మాట ఒకటే: "వేసిన బాక్స్ బాగోలేదండీ, ఇంకోటి తెప్పిద్దాం." ఆ మాటకి వెంటనే తల ఊపకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. మార్చాక స్లిప్ అంటూ నా షెడ్డుకి వచ్చిన బళ్లలో సగానికి పైగా బాక్స్‌కి ఏ జబ్బూ లేదు. ఆయిల్ లెవెల్ సరిగ్గా పెట్టలేదు, అంతే.

ముందు ఒక సంగతి. క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనవాళ్లు ఆటోమేటిక్ అనేస్తారు. ఏఎంటీ అయితే అందులో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, స్లిప్ అయితే క్లచ్ ప్లేట్ చూడాలి. సీవీటీ (బెల్టుతో నడిచేది), డీసీటీ (రెండు క్లచ్‌లది) వీటి లెక్క వేరు. నేనిక్కడ చెప్పేది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న గేర్‌బాక్స్ గురించి: ఇన్నోవా క్రిస్టా, పాత హోండా సిటీ ఐదు స్పీడ్‌లది, క్రెటా, వెర్నాల ఆరు స్పీడ్‌లది, ఇలాంటివి.

కావలసినవి

గేర్‌బాక్స్ డేటా చదివే స్కానర్, నాలుగు వైపులా సమానంగా లేచే లిఫ్ట్, చేతి పంపు, కొత్త వాషర్లు, మాన్యువల్‌లో రాసిన ఆయిలే సీలు తీయని డబ్బాల్లో. డ్రమ్ములోంచి పట్టిచ్చే ఆయిల్ వద్దు. ఒక లీటరు డబ్బాలే కొనండి, ఎన్ని లీటర్లు పోశారో లెక్క తప్పదు. ఆయిల్ గ్రేడ్ కూడా ముఖ్యం: టయోటా డబ్ల్యూఎస్ అడిగే చోట పాత టీ-4, హ్యుందాయ్ ఎస్పీ-4 అడిగే చోట ఎస్పీ-3 పోయకూడదు. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి తేల్చుకోలేరు.

ఒకసారి నడిపి చూడండి

పది నిమిషాలు చాలు. స్లిప్ ఎప్పుడు వస్తోందో గమనించండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వస్తుంటే ఆయిల్ తక్కువగా ఉందన్న అనుమానమే ముందు. వంపుకి ఆయిల్ ఒక పక్కకి పోతుంది, ఫిల్టర్ మూతి దగ్గర గాలి మిగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కే కొద్దీ ఎక్కువవుతుంటే ప్రెషర్ ఎక్కడో కారుతోంది, లేదా కూలర్ పూడుకుంది. ఒక్క గేర్‌లోనే వస్తుంటే ఆ గేర్‌ని నడిపే క్లచ్‌నో సోలినాయిడ్‌నో (ఆయిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వ్) చూడాలి. తర్వాత స్కానర్ పెట్టండి. పి0730 నుంచి మొదలయ్యే కోడ్‌లు వస్తే కంప్యూటర్ అడిగిన గేర్ రేషియో (లోపలికి, బయటికి తిరిగే వేగాల నిష్పత్తి), బాక్స్ ఇస్తున్న రేషియో కలవట్లేదని అర్థం. సెకండ్ హ్యాండ్ బాక్స్ అయితే ఇక్కడ ఒక చిక్కుంది. చూడ్డానికి అచ్చు అలాగే ఉండి లోపల వేరే రేషియో ఉన్న బాక్స్ వేసినా ఇవే కోడ్‌లు వస్తాయి. బాక్స్ మీది మోడల్ కోడ్‌ని పాతదానితో పోల్చి చూడండి.

ఆయిల్ లెవెల్: ఇక్కడ తొందర పడితే మిగతాదంతా దండగ

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పళ్ల చక్రాలు అరక్కుండా చూడటానికి మాత్రమే కాదు. క్లచ్‌లను నొక్కి పట్టేదే ఆ ఆయిల్ ప్రెషర్. లెవెల్ తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ లాగుతుంది. నురగ వచ్చిన ఆయిల్‌కి నొక్కే బలం ఉండదు, క్లచ్ జారుతుంది, జారిన ప్రతిసారీ కాస్త కాలుతుంది. లెవెల్ ఎక్కువైనా ఇదే గతి. తిరిగే భాగాలు ఆయిల్‌లో మునిగి దాన్ని మజ్జిగలా చిలుకుతాయి, మళ్లీ నురగే. అందుకే "ఓ అర లీటరు ఎక్కువే పోశాం సార్, సేఫ్‌గా ఉంటుంది" అని ఎవరైనా అంటే వాళ్ల చేతిలో బండి పెట్టకండి.

ఎక్కువ మంది చేసే తప్పు ఇది. సర్వీసులో కింది బోల్టు విప్పితే మొత్తం ఆయిల్ దిగదు. మూడు నాలుగు లీటర్లు దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో, వాల్వ్ బాడీలో (ఆయిల్‌ని దారులు మళ్లించే భాగం) ఉండిపోతుంది. ఎప్పుడూ సర్వీసులే చేసే మెకానిక్‌కి ఆ మూడు నాలుగు లీటర్ల లెక్కే చేతికి అలవాటు. కొత్తగా ఎక్కించిన బాక్స్, కన్వర్టర్ రెండూ ఖాళీ. దానికి రెట్టింపో ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ అలవాటు లెక్కే పోసి తాళం చేతికిస్తే బండి గేటు దాటకముందే స్లిప్ మొదలవుతుంది.

ఈ రోజుల్లో చాలా బళ్లకి డిప్‌స్టిక్ (లెవెల్ చూసే పుల్ల) లేదు. కింద ఓవర్‌ఫ్లో బోల్టు (ఎక్కువైన ఆయిల్ కారిపోయేది), పక్కన ఆయిల్ పోసే బోల్టు ఉంటాయి. పని ఇలా జరగాలి. బండిని లిఫ్ట్ మీద నాలుగు వైపులా సమానంగా ఎత్తండి. జాకీతో ముందు మాత్రమే లేపి చూసే లెవెల్ లెవెల్ కాదు. ఇంజిన్ ఆపి ఉండగానే ఓవర్‌ఫ్లో నుంచి కారేదాకా ఆయిల్ పోసి, బోల్టు పెట్టేయండి. ఇప్పుడు స్టార్ట్ చేస్తే కన్వర్టర్ ఆయిల్ తాగుతుంది, కాబట్టి మాన్యువల్‌లో చెప్పిన మిగతా లీటర్లు వెంటనే పోయాలి. స్టీరింగ్ ముందు ఒక మనిషి కూర్చుని, బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా, పీ (పార్క్) నుంచి డీ (డ్రైవ్) దాకా, మళ్లీ వెనక్కి లివర్ తిప్పాలి. ఒక్కో చోట ఐదు సెకన్లు ఆగాలి. రెండు మూడు సార్లు చేయండి. మళ్లీ పీలో పెట్టి, ఏసీ ఆపి, ఐడిలింగ్‌లో వదిలేయండి.

ఇక ఉష్ణోగ్రత. స్కానర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ తెరిచి కళ్లు దాని మీదే పెట్టండి. టయోటా ఆరు స్పీడ్ బాక్స్‌లు చాలావాటికి 40 డిగ్రీల చుట్టుపక్కల, హ్యుందాయ్ ఆరు స్పీడ్‌కి 50 నుంచి 60, జెడ్‌ఎఫ్ (జర్మన్ గేర్‌బాక్స్ కంపెనీ) ఆరు, ఎనిమిది స్పీడ్‌లకి 30 నుంచి 50. మీ బండి మాన్యువల్‌లో ఏముందో అదే ఫైనల్. ఆ అంకె వచ్చినప్పుడు, ఇంజిన్ నడుస్తుండగానే, కింది ఓవర్‌ఫ్లో బోల్టు విప్పండి. ధారగా వస్తే ఎక్కువున్నట్టు. ధార సన్నబడి దారంలా అయి, తెగి, బొట్లు బొట్లుగా పడే క్షణంలో బోల్టు బిగించేయండి. అసలు ఏమీ రాకపోతే తక్కువున్నట్టు, పక్క బోల్టు లోంచి పోస్తూ బొట్లు పడేదాకా ఆగండి. కొన్ని బాక్స్‌లలో బోల్టు వెనక ఒక చిన్న గొట్టం ఉంటుంది. లెవెల్ కొలిచేది ఆ గొట్టమే. బోల్టుతో పాటు దాన్నీ విప్పేస్తే బాక్స్ మొత్తం ఖాళీ అవుతుంది.

లెవెల్ చూసేటప్పుడు ఇంజిన్ ఆపి బోల్టు విప్పడం ఘోరమైన తప్పు. ఆపగానే పైనున్న ఆయిల్ కిందికి దిగుతుంది. విప్పితే లీటర్లు లీటర్లుగా కారుతుంది. "అబ్బో, ఎక్కువ పోశారు" అనుకుని అంతా పోనిచ్చి బిగిస్తారు. మళ్లీ స్టార్ట్ చేసేసరికి బాక్స్ ఆకలితో ఉంటుంది.

రెండో తప్పు వేడి మీద చూడటం. వేడికి ఆయిల్ పొంగుతుంది. 80 డిగ్రీల దగ్గర బొట్లు పడేలా సరిచేస్తే 40 దగ్గర అది తక్కువే. మన ఎండల్లో ఇది మరీ కష్టం. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం పూట, నీడ లేని చోట ఆగిన బండిలో ఆయిల్ స్టార్ట్ చేయకముందే 40కి చేరి ఉంటుంది. మీరు లివర్ తిప్పి దిగేసరికి 50 దాటుతుంది. అందుకే నా షెడ్డులో లెవెల్ పని పొద్దున ఏడింటికే. రాత్రంతా ఆగిన బండి కావాలి. మధ్యాహ్నం తెస్తే రేపు రమ్మంటాను. ఎంత తెలిసినవాళ్లైనా ఇంతే.

ఏలూరు నుంచి ఒకాయన క్రిస్టా తెచ్చారు. వేరే చోట బాక్స్ మార్పించారు, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జారుతోంది. మళ్లీ బాక్స్ దింపడానికి రేటు కూడా మాట్లాడేశారట. "అన్నా, ఇంకో లక్ష పెట్టే ఓపిక లేదు" అన్నారు. రాత్రి బండి మా దగ్గరే ఉంచుకుని, పొద్దున్నే 40 డిగ్రీల దగ్గర బోల్టు విప్పాను. ఒక్క బొట్టు రాలేదు. పోస్తూ పోయాను. లీటరున్నర పట్టాక మొదటి బొట్టు పడింది. అదే ఫ్లైఓవర్ మీద ఆయన్నే నడపమన్నాను. ఎక్కి దిగేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

డిప్‌స్టిక్ ఉన్న బండి సులువనుకోకండి. పాత కరోలా లాంటి టయోటాల్లో ఆయిల్ బాగా వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, పీలో పెట్టి చూడాలి. హోండా వేరు. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా వేడెక్కించి, ఇంజిన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. దాని పద్ధతి దీనికి, దీని పద్ధతి దానికి వాడితే రెండూ తప్పే.

మెషిన్ పెట్టి ఆయిల్ మొత్తం మార్చేస్తామనే వాళ్లున్నారు. వెళ్లిన లీటర్లు, వచ్చిన లీటర్లు స్క్రీన్ మీద కనిపిస్తాయి కదా అంటారు. ముందు లోపల పోసిందే తప్పు లెవెల్ అయితే మెషిన్ అదే తప్పు లెవెల్‌ని మళ్లీ పెడుతుంది. మెషిన్ వాడినా చివర్లో బొట్టు చూడాల్సిందే. అలాంటప్పుడు మెషిన్ దేనికి?

లెవెల్ సరిగ్గా ఉన్నా జారుతుంటే

లివర్ కేబుల్ చూడండి. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ ఊడదీసి, లివర్‌ని, బాక్స్ మీద కేబుల్ తగిలే చిన్న చేతినీ న్యూట్రల్‌లో పెట్టి, మళ్లీ తగిలించండి. సగంలో ఆగిన కేబుల్ వల్ల డీలో ప్రెషర్ సగమే వెళ్తుంది.

ఫిల్టర్. పాత ఓ-రింగ్ (రబ్బరు రింగ్) లోపలే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది కూర్చోబెట్టిన బాక్స్‌లు విప్పాను. రింగ్ వంకరపోయి పంపు గాలి లాగుతుంది.

కూలర్. పాత బాక్స్ పోయినప్పుడు దాని పొడి అంతా కూలర్‌లో చేరుతుంది. బాక్స్ మార్చి కూలర్ శుభ్రం చేయకపోతే ఆ పొడి కొత్త బాక్స్‌లోకే వస్తుంది. రిటర్న్ పైపు ఊడదీసి బాటిల్‌లోకి పట్టండి. ఐడిలింగ్‌లో అర నిమిషానికి సుమారు లీటరు రావాలి. పట్టినంత ఆయిల్ మళ్లీ పోయడం మర్చిపోకండి. వచ్చిన ఆయిల్ రాజమండ్రి రోజ్ మిల్క్ రంగులో ఉంటే రేడియేటర్ లోపల కూలర్ చిట్లి నీళ్లు కలిశాయి. ఇంజిన్ వెంటనే ఆపండి. కూలెంట్ కలిస్తే క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్ జిగురు వదిలేస్తుంది. రేడియేటర్ మార్చకుండా ఎన్ని బాక్స్‌లు వేసినా లాభం లేదు.

కంప్యూటర్. పాత బాక్స్ అరిగిన కొద్దీ దానికి తగ్గట్టు కంప్యూటర్ ప్రెషర్‌ని సర్దుకుంటూ వచ్చింది. కొత్త బాక్స్‌కి ఆ లెక్క పనికిరాదు. స్కానర్‌తో ఆ అడాప్టేషన్ చెరిపి, నేర్పించే డ్రైవ్ చేయాలి. కొన్ని టయోటాల్లో బాక్స్ మీది స్టిక్కర్ కోడ్‌ని కూడా కంప్యూటర్‌కి ఎక్కించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ప్రెషర్ గేజ్ పెట్టించండి. బ్రేకు తొక్కి ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చే స్టాల్ టెస్ట్ మాత్రం మీరు చేయొద్దు. ఐదు సెకన్లు దాటితే లోపల మాడుతుంది. ప్రెషర్ నిజంగానే తక్కువుంటే బాక్స్ దింపక తప్పదు. దింపే ముందు బిగించినవాళ్లని ఒకటి అడగండి: ఎక్కించేటప్పుడు కన్వర్టర్ పూర్తిగా లోపలికి దిగిందా, ఫ్లెక్స్ ప్లేట్‌కి (ఇంజిన్ వెనక కన్వర్టర్‌ని బిగించే పళ్లెం) మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు మిగిలిందా, చేత్తో తిప్పితే తిరిగిందా? సందు లేకుండా బోల్టులతో లాగి బిగించి ఉంటే పంపు అప్పుడే చితికి ఉంటుంది. అది బాక్స్ అమ్మినవాడి తప్పు కాదు, ఖర్చు బిగించినవాళ్లదే.

బిగించినవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు లెవెల్ చూసిన తేదీ, టెంపరేచర్, పోసిన లీటర్లు కాగితం మీద రాసుకెళ్లండి. స్కానర్ అంకె, కింద పడే బొట్టు రెండూ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి.