ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌పై నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో షట్‌డౌన్, రీస్టార్ట్ బటన్లు ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

యూజర్‌ని ఆపరేటర్ గ్రూప్‌లో చేర్చేయకండి. షట్‌డౌన్ అనుమతి వస్తుంది, నిజమే. దాంతోపాటు డిస్క్‌ను నేరుగా చదివే హక్కూ వస్తుంది. ఫైల్ పర్మిషన్లు ఎంత గట్టిగా పెట్టినా ఇతరుల డేటాకి రక్షణ ఉండదు. ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌కైతే సరే, నలుగురు వాడే మెషీన్‌కి వద్దే వద్దు.

దాని బదులు పోల్‌కిట్ (ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే ప్రోగ్రామ్) రూల్‌లో కన్సోల్‌కిట్ (లాగిన్ సెషన్లను చూసుకునే ప్రోగ్రామ్) స్టాప్, రీస్టార్ట్ యాక్షన్లు మాత్రమే ఒక ప్రత్యేక గ్రూప్‌కి ఇచ్చి, యూజర్‌ని అందులో చేర్చండి. ఆ రూల్ ఉన్న ఫైల్ పేరు ‘డాట్ రూల్స్’తో ముగియకపోతే పోల్‌కిట్ దాన్ని చదవదు.

డీబస్ (ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలు చేరవేసే సర్వీస్) బూట్‌లోనే మొదలవ్వాలి. అది లేనిదే ఆ అనుమతి అడిగే దారే ఉండదు.

గ్రూప్ మార్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. పాత సెషన్‌కి కొత్త గ్రూప్ తెలియదు.

టెర్మినల్లో ఆపేటప్పుడు షట్‌డౌన్ కమాండ్‌కి హైఫన్ పీ ఇవ్వండి. హైఫన్ హెచ్ సిస్టమ్‌ను ఆపుతుంది కానీ పవర్ తీయదు.