సీ ప్రోగ్రామ్‌లో ఫైళ్ల జాబితా వరుస తప్పితే: సమస్య - పరిష్కారం

ఒక డైరెక్టరీ తెరిచి, అందులోని ఫైళ్ల పేర్లు చదివి, వరుసలో పెట్టి చూపించాలి. వరంగల్, హనుమకొండలో సీ ల్యాబ్ చేసే పిల్లలకు ఇది చిన్న ప్రోగ్రామే అనిపిస్తుంది. కానీ ఇందులో వచ్చే తప్పులు చాలావరకు ఎర్రర్ చూపించవు, తప్పు జాబితాను మాత్రం నిబ్బరంగా ప్రింట్ చేస్తాయి. అందుకే తెర మీద ఏం కనిపిస్తోందో అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఉదాహరణకు ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణం తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) స్కాన్ చేసి దాచుకున్న ఫోల్డర్ అనుకోండి. కొన్ని ఫైళ్లకు రకం పేరు, లాట్ నంబరు ఉన్నాయి: తేజ-1, తేజ-2, తేజ-10, చపాటా-3. కొన్నింటికి ఊరి పేరో, పేట పేరో ఉంది: కాళేశ్వరం, కాశిబుగ్గ.

సమస్య: ఇంట్లో వరుసగా వచ్చింది, ల్యాబ్‌లో కలగాపులగంగా వస్తోంది

డైరెక్టరీలోని పేర్లను ఒక్కొక్కటిగా ఇచ్చే రీడ్‌డిర్ ఫంక్షన్ ఏ వరుసకూ పూచీ పడదు. ఫైల్ సిస్టమ్ ఎలా అందిస్తే అలాగే ఇస్తుంది. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ మీద ఎన్‌టీఎఫ్ఎస్ మామూలుగా పేర్లను అక్షరక్రమంలోనే ఇస్తుంది కాబట్టి సార్ట్ అవసరం లేదనిపిస్తుంది. అదే ఫోల్డర్‌ను ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో వేస్తే సాధారణంగా కాపీ అయిన వరుసలో వస్తుంది. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 అయితే పేరుకు హ్యాష్ (పేరు నుంచి తీసే ఒక సంఖ్య) లెక్కగట్టి ఆ వరుసలో ఇస్తుంది, చూసేవాళ్లకు దానికి తలాతోకా ఉండదు. పేర్లన్నీ ముందు ఒక అర్రేలోకి తెచ్చుకుని, తర్వాత మీరే సార్ట్ చేయాలి. రీడ్‌డిర్‌తో ఇంకో దారి లేదు.

సమస్య: క్యూసార్ట్ పెట్టాను, అయినా వరుస కుదరడం లేదు

మొదట చూడాల్సింది, రెండింటిలో ఏది ముందో సార్ట్ చేసే క్యూసార్ట్‌కు చెప్పే కంపేర్ ఫంక్షన్. క్యూసార్ట్ దానికి అర్రేలోని విలువను ఇవ్వదు, ఆ విలువ ఉన్న గడి అడ్రస్‌ను ఇస్తుంది. మన గడిలో ఉన్నది క్యార్ పాయింటర్. అంటే చేతికి వచ్చేది పాయింటర్‌కు పాయింటర్. చాలామంది రెండు స్ట్రింగ్‌లను పోల్చే స్ట్ర్‌కంప్‌నే కాస్ట్ చేసి నేరుగా క్యూసార్ట్‌కు ఇచ్చేస్తారు. అప్పుడు స్ట్ర్‌కంప్ 'తేజ' అనే అక్షరాలను చూడదు, ఆ పేరు మెమరీలో ఎక్కడుందో చెప్పే అడ్రస్ బైట్లనే అక్షరాలనుకుని పోలుస్తుంది. ప్రోగ్రామ్ సాధారణంగా క్రాష్ కూడా కాదు, అడ్రస్‌ల లెక్కన ఏదో ఒక వరుస వస్తుంది. కాస్ట్ పెట్టకుండా ఉంటే కంపైలరే వార్నింగ్ ఇచ్చేది, కాస్ట్ ఆ నోరు నొక్కేసింది.

రెండు వాయిడ్ పాయింటర్లు తీసుకునే చిన్న ఫంక్షన్ మీరే రాయండి. ఒక్కోదాన్ని క్యార్ పాయింటర్‌కు పాయింటర్‌గా మార్చి, దాని ముందు ఒక స్టార్ పెట్టి అసలు పేరు బయటికి తీసి, అప్పుడు స్ట్ర్‌కంప్‌కు ఇవ్వండి. మీ అర్రేలో పాయింటర్లు కాకుండా స్ట్రక్చర్లే ఉంటే వచ్చేది స్ట్రక్చర్ అడ్రస్, అక్కడ ఈ అదనపు స్టార్ అక్కర్లేదు. క్యూసార్ట్‌కు ఇచ్చే సైజు కూడా గడిలో ఉన్నదాన్ని బట్టే మారాలి.

సమస్య: ఫైళ్లు తక్కువుంటే బాగుంది, ఎక్కువైతే పేర్లు పాడవుతున్నాయి

రీడ్‌డిర్ ఇచ్చిన డి-నేమ్ (ఫైల్ పేరు) పాయింటర్‌ను అలాగే అర్రేలో దాచుకుని ఉంటారు. ఆ చోటు మీది కాదు. తర్వాతి రీడ్‌డిర్ పిలుపు దాని మీద కొత్త పేరు రాసేయొచ్చు, డైరెక్టరీని మూసే క్లోజ్‌డిర్ తర్వాత అది ఉండనే ఉండదు. లినక్స్‌లో లైబ్రరీ ఒక పెద్ద బఫర్ నిండా ఎంట్రీలను ఒకేసారి తెచ్చుకుంటుంది. అందుకే కొద్దిపాటి ఫైళ్లతో టెస్ట్ చేస్తే తప్పు దొరకదు. సీజన్‌లో తక్‌పట్టీలు వేలల్లో చేరాక బఫర్ రెండోసారి నిండుతుంది, పాత పేర్లు పోతాయి. ప్రతి పేరునూ స్ట్ర్‌డప్‌తో కాపీ చేసుకోండి, పని అయ్యాక ఫ్రీ చేయండి.

స్ట్ర్‌డప్ పెట్టగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తే కంపైల్ కమాండ్ చూడండి. సీ99 అని ఖచ్చితంగా అడిగితే స్ట్ర్‌డప్ డిక్లరేషన్ కనిపించదు. పాత జీసీసీ వార్నింగ్‌తో సరిపెట్టి అది ఇంట్ తిరిగిస్తుందని అనుకుంటుంది, 64 బిట్ల అడ్రస్ సగానికి తెగిపోతుంది. జీసీసీ 14 నుంచి ఇది నేరుగా ఎర్రరే. హెడర్లకంటే ముందు గ్నూ సోర్స్ మాక్రో (_GNU_SOURCE) డిఫైన్ చేయండి, లేదా సీ99 బదులు గ్నూ99 అని ఇవ్వండి.

సమస్య: స్టాట్ 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటోంది, ఫైల్ మాత్రం కళ్లముందే ఉంది

రీడ్‌డిర్ ఇచ్చేది ఉత్త పేరు. ఫైల్ సైజు, సమయం లాంటి వివరాలిచ్చే స్టాట్ దాన్ని ప్రోగ్రామ్ నడుస్తున్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. అందుకే అదే ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపితే పనిచేస్తుంది, బయటి నుంచి దారి ఇస్తే చేయదు. దారి, స్లాష్, పేరు కలిపి ఇవ్వొచ్చు. నేనైతే ఏ ఫోల్డర్‌లో వెతకాలో చెప్పించుకునే ఎఫ్‌స్టాట్‌యాట్‌కు డిర్‌ఎఫ్‌డీ (తెరిచిన ఆ ఫోల్డర్ నంబరు) ఇచ్చి, దాంతోపాటు ఉత్త పేరే ఇస్తాను. స్ట్రింగ్‌లు అతికించే పని, బఫర్ చాలదన్న టెన్షన్ రెండూ తప్పుతాయి.

ఫైలో, ఫోల్డరో తెలుసుకోవడానికి రీడ్‌డిర్ పేరుతోపాటు ఇచ్చే డి-టైప్ ఒక్కదాన్నే నమ్మకండి. కొన్ని ఫైల్ సిస్టమ్‌లు 'తెలియదు' అనే విలువే ఇస్తాయి. అలా వచ్చినప్పుడు ఎల్‌స్టాట్ (లింక్ వెంట వెళ్లని స్టాట్) అడగాలి.

సమస్య: తేజ-10 వచ్చి తేజ-2 కంటే ముందు కూర్చుంది

స్ట్ర్‌కంప్‌కు అంకెలు కూడా అక్షరాలే. '1' అనేది '2' కంటే చిన్నది కాబట్టి 10 ముందొచ్చింది. గ్నూ లైబ్రరీలో అంకెలను నంబరుగా పోల్చే స్ట్ర్‌వెర్స్‌కంప్ ఉంది, స్కాన్‌డిర్ (ఫోల్డర్ చదివి తనే సార్ట్ చేసిచ్చే ఫంక్షన్) వాడేవాళ్లకు అదే పని చేసే వెర్షన్‌సార్ట్ ఉంది. ఒక జాగ్రత్త: ముందు సున్నా ఉన్న నంబర్లను ఇది భిన్నం లెక్కన చూస్తుంది, అందుకని 010 వచ్చి 09 కంటే ముందు పడుతుంది. సున్నాలు పెడితే అన్నింటికీ ఒకే వెడల్పులో పెట్టండి, లేకపోతే అసలే వద్దు.

సమస్య: తెలుగు పేర్లు వర్ణమాల వరుసలో రావడం లేదు

మన అక్షరాలు యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు. స్ట్ర్‌కంప్ వాటిని యూనికోడ్ నంబర్ల వరుసలోనే పెడుతుంది, ఆ వరుస మన బడిలో నేర్చుకున్నది కాదు. కాళేశ్వరం, కాశిబుగ్గ తీసుకోండి. 'కా' వరకు రెండూ ఒకటే. తర్వాత 'ళ'కు బైట్లు 224, 176, 179. 'శ'కు 224, 176, 182. మూడో బైట్ దగ్గర 179 చిన్నది కాబట్టి కాళేశ్వరం ముందొస్తుంది. వర్ణమాలలో ళ అనేది హ తర్వాత వస్తుంది కదా, ఆ లెక్కన కాశిబుగ్గ ముందుండాలి. యూనికోడ్‌లో ళ పక్కన ల ఉంది, వ కంటే ముందే దాని చోటు. సున్నా (ం) కూడా అచ్చులన్నింటికంటే ముందుంది.

మొదటి ప్రయత్నంగా ప్రోగ్రామ్ మొదట్లో సెట్‌లొకేల్ పిలిచి తెలుగు లొకేల్ (భాష, ప్రాంతాల సెట్టింగ్) అడిగి, స్ట్ర్‌కంప్ బదులు ఆ లొకేల్ ప్రకారం పోల్చే స్ట్ర్‌కోల్ వాడండి. సెట్‌లొకేల్ పిలవకపోతే స్ట్ర్‌కోల్ కూడా స్ట్ర్‌కంప్‌లాగే నడుస్తుంది. మెషిన్‌లో తెలుగు లొకేల్ లేకపోతే సెట్‌లొకేల్ నల్ ఇస్తుంది, దాన్ని తప్పకుండా చూడండి. లినక్స్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ వరుస, మీ ప్రోగ్రామ్ వరుస కలవకపోవడానికీ ఎక్కువసార్లు ఇదే కారణం: ఎల్ఎస్ లొకేల్ ప్రకారం సార్ట్ చేస్తుంది. వర్ణమాల వరుస కచ్చితంగా కావాలంటే మాత్రం ఒక్కో అక్షరానికి ఒక్కో స్థానం ఇచ్చే పట్టిక మీరే రాసుకోండి. కాస్త పనే, కానీ ఏ మెషిన్‌లోనైనా ఒకే ఫలితం ఇస్తుంది, రైతు పేరు వెతికే గుమాస్తాకు తికమక ఉండదు.

పోలిక లూప్ సొంతంగా రాస్తే తెలుగు పేర్లు ఇంగ్లిష్ పేర్లకంటే ముందుకు రావచ్చు. మన పీసీల్లో క్యార్ సాధారణంగా సైన్డ్, 127 దాటిన బైట్లు నెగెటివ్ అవుతాయి. అన్‌సైన్డ్ క్యార్‌గా మార్చి పోల్చండి. మరొకటి: లినక్స్‌లో ఫైల్ పేరు పరిమితి 255 బైట్లు, తెలుగులో అది 85 గుర్తులే. ఒత్తులు, గుణింతాలు కూడా విడి గుర్తులే కాబట్టి పొడుగు పేర్లు పట్టవు.

సమస్య: సైజు, తేదీ ప్రకారం పెడితే పెద్ద ఫైల్ అడుగుకు పోతోంది

కంపేర్ ఫంక్షన్‌లో ఒక సైజులోంచి ఇంకోటి తీసేసి ఇంట్‌గా పంపిస్తే ఇలా అవుతుంది. 32 బిట్ల ఇంట్‌లో పట్టేది 214 కోట్ల చిల్లరే. తేడా 300 కోట్ల బైట్లయితే అది మామూలుగా మైనస్ 129 కోట్లుగా తిరగబడుతుంది. తీసివేత మానేసి పెద్దదా, చిన్నదా అని విడిగా అడిగి 1, -1, 0 ఇవ్వండి. సమానమైతే పేరుతో తేల్చండి, ఎందుకంటే సమానమైనవాటి వరుసకు క్యూసార్ట్ పూచీ ఇవ్వదు.

కంపేర్ లోపల స్టాట్ పిలవకండి. 5,000 ఫైళ్లకు సుమారు 60 వేల పోలికలు పడతాయి, ఒక్కోదానికి రెండు స్టాట్‌లంటే లక్షా ఇరవై వేలు. పైగా సార్ట్ మధ్యలో ఎవరైనా ఫైల్ మారిస్తే పోలికలు ఒకదానికొకటి పొసగవు. ఫైల్‌కు ఒక్కసారి స్టాట్ చేసి పేరు, సైజు, సమయం ఒక స్ట్రక్చర్‌లో పెట్టుకుంటే 5,000 పిలుపులతో అయిపోతుంది.

సమస్య: లోపలి ఫోల్డర్లలోకి వెళ్తే ఆగడం లేదు, లేదా 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' వస్తోంది

ఆగకపోతే ఒక చుక్క, రెండు చుక్కల ఎంట్రీలను దాటవేయడం మరిచారు. అవి దాటేసినా తిరుగుతూనే ఉంటే సింబాలిక్ లింక్ (ఇంకో ఫైల్‌కో, ఫోల్డర్‌కో దారి చూపే ఫైల్) ఉందన్నమాట, స్టాట్ బదులు ఎల్‌స్టాట్ వాడండి. రెండో ఎర్రర్‌కు కారణం క్లోజ్‌డిర్ లేకపోవడం. చాలా లినక్స్ మెషిన్లలో ఒక ప్రోగ్రామ్‌కు మామూలు పరిమితి 1,024 ఫైళ్లు. మధ్యలో రిటర్న్ అయ్యే ప్రతి దారిలోనూ క్లోజ్‌డిర్ ఉందా చూడండి, ముఖ్యంగా ఎర్రర్ వచ్చి వెనక్కి మళ్లే చోట.