ఉమెన్స్ స్టడీస్ చదవాలనుకునే మన జిల్లా పిల్లలకు

డిగ్రీ ఫలితాలు వచ్చిన వారం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. చీపురుపల్లి నుంచి ఒకమ్మాయి, పలాస నుంచి ఇంకొకమ్మాయి, ఈమధ్య అబ్బాయిలు కూడా. అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, ఉమెన్స్ స్టడీస్ అంటే ఏటి చెప్తారు? చదివితే ఏటొస్తాది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక రాసి పెడుతున్నాను. మాది రాజాం దగ్గర పల్లె. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా, అందుకని రెండూ నావే అంటాను. శ్రీకాకుళంలో బీకాం చదివి, తర్వాత ఈ సబ్జెక్టులో ఎం.ఏ. చేశాను. ఇప్పుడు సర్వేలు, ఇంటర్వ్యూల పని మీద ఊళ్లు తిరుగుతుంటాను.

మా పెదనాన్న చాలాకాలం ఇది కుట్లు అల్లికల కోర్సనే అనుకున్నాడు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అలాగే అనుకుంటారు, కంగారు పడకండి. ఇందులో చరిత్ర ఉంటుంది, చట్టం ఉంటుంది, ఆర్థికశాస్త్రం, సాహిత్యం, కొంచెం గణాంకాలు కూడా. ఎవరికి ఏ పని అప్పజెబుతున్నారు, ఆస్తి ఎవరి పేరు మీద ఉంటోంది, ఎవరి మాట చెల్లుతోంది, ఇందులో ఆడ, మగ, ట్రాన్స్ అన్న తేడా పాత్ర ఎంత, కులం పాత్ర ఎంత అని వెతకడమే అసలు పని. ఒక ఉదాహరణ చెప్తాను. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకూ వాటా ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన హిందూ వారసత్వ సవరణ 1985 నుంచే వర్తించింది. దేశమంతటికీ కూతుళ్ల వాటా వచ్చింది 2005లో. ఇరవై ఏళ్లు ముందున్నాం. మరి మీ వీధిలో ఎంతమంది కూతుళ్ల పేరు మీద పొలం పాస్‌బుక్ ఉంది? లేకపోతే ఎందుకు లేదు? అడగడానికి ఎవరు మొహమాటపడ్డారు, పసుపు కుంకుమ కింద ఇచ్చేశామని ఎవరన్నారు? ఈ ప్రశ్నలు మీకు ఆసక్తిగా అనిపిస్తే చేరండి. "ఆడవాళ్ల సమస్యల మీద ఉపన్యాసం ఇవ్వాలి" అన్నంతవరకే మీ కోరిక అయితే రెండో నెలలోనే విసుగొస్తుంది.

మన దేశంలో ఈ చదువుకు ఊపు వచ్చింది 1974లో. కేంద్రం 1971లో వేసిన కమిటీ స్త్రీల పరిస్థితి మీద 'టువర్డ్స్ ఈక్వాలిటీ' అనే నివేదిక ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక అన్నీ మెరుగయ్యాయని అనుకుంటున్నవాళ్లకు, జనాభాలో స్త్రీల నిష్పత్తి తగ్గుతోందని, పనుల్లోంచి స్త్రీలు తప్పుకుంటున్నారని లెక్కలతో చూపించింది. అదే ఏడాది ముంబై ఎస్‌ఎన్‌డీటీ మహిళా యూనివర్సిటీలో ఈ చదువుకు మొదటి పరిశోధన కేంద్రం పెట్టారు. పరీక్షలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, అందుకని ఇక్కడే చెప్పేశాను.

ఎక్కడ చేరాలి

ఏ డిగ్రీ అయినా పరవాలేదు. బీఎస్సీ, బీకాం వాళ్లు జంకుతారు గానీ లెక్కలు వచ్చినవాళ్లకు ఇక్కడ గిరాకీ.

మనకు దగ్గరిది విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుతో మహిళా అధ్యయన కేంద్రం ఉంది. తిరుపతిలో 1983లో పెట్టిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, అది ఆడపిల్లలకు మాత్రమే. రాష్ట్ర యూనివర్సిటీల సీట్లు ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నిండుతాయి. ఇలాంటి చిన్న విభాగాల్లో సీట్లు తక్కువ కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో కోర్సు ఉందో లేదో ముందే చూసుకోండి. ఆమదాలవలసలో రైలెక్కి రోజూ విశాఖ వెళ్లొస్తామని కొందరంటారు. వద్దు. ఈ చదువులో సగం క్లాసు అయ్యాక లైబ్రరీలోనో హాస్టల్లోనో జరిగే వాదనల్లోనే వస్తుంది. సాయంత్రం రైలుకోసం పరుగెత్తేవాళ్లకు అది దక్కదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జెండర్ స్టడీస్ ఎం.ఏ. ఉంది. ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉంది. వీటికి సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాయాలి. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: డిగ్రీ రిజల్ట్స్ వచ్చాక చూద్దాంలే అనుకుంటారు. సీయూఈటీ పీజీ దరఖాస్తులు చలికాలంలోనే అయిపోతాయి, పరీక్ష మార్చిలో ఉంటుంది. అంటే ఫైనల్ ఇయర్ చదువుతుండగానే సంక్రాంతి సెలవుల్లో కూర్చుని దరఖాస్తు పెట్టేయాలి. ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీలో మంచి కోర్సు ఉంది గానీ, అది ఢిల్లీ ప్రభుత్వానిది, 85 శాతం సీట్లు అక్కడివాళ్లకే. దాని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకండి.

కేంద్ర యూనివర్సిటీలకు ఓబీసీ సర్టిఫికెట్ వేరే నమూనాలో, ఆ ఆర్థిక సంవత్సరానిది కావాలి. సచివాలయంలో మామూలు కుల ధ్రువీకరణ ఇచ్చి పంపించేస్తారు, నమూనా ప్రింట్ తీసుకుని వెళ్లండి. ఇంకో మెలిక ఉంది. రాష్ట్రంలో బీసీ అయినా కేంద్ర ఓబీసీ జాబితాలో లేని కులాలు మన వైపు ఉన్నాయి. మీ కులం ఆ జాబితాలో ఉందో లేదో దరఖాస్తుకు ముందే వెతుక్కోవాలి, కౌన్సెలింగ్ రోజున కాదు.

ఇంట్లో అస్సలు పంపరంటే, ఉద్యోగం చేస్తూ చదవాలంటే, దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీలో ఉమెన్స్ అండ్ జెండర్ స్టడీస్ ఎం.ఏ. ఉంది. ప్రాంతీయ కేంద్రం విశాఖలో. రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలో పూర్తి చేసినా ఒప్పుకుంటారు. ఎక్కడ చేరినా వాళ్ల పాఠాలు మాత్రం చదవండి. ఈ-జ్ఞానకోశ్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి, వాక్యాలు చిన్నవి, తేలికైన ఇంగ్లిష్.

ఇంట్లో ఒప్పించేటప్పుడు సిద్ధాంతం మాట్లాడకండి. "పితృస్వామ్యం" అన్న మాట వినగానే మీ నాన్న పెళ్లి సంబంధం గురించి ఎత్తుతాడు. హాస్టల్ ఎక్కడ, ఫీజు ఎంత, రైలు ఎన్ని గంటలు, చదువు అయ్యాక ఏ పరీక్ష రాయొచ్చు, ఇవి కాగితం మీద రాసి అమ్మ చేతికివ్వండి. మా ఇంట్లో ఆ కాగితాన్ని చుట్టాలకు చూపించింది అమ్మే.

ఇంగ్లిష్ చదవడం

తెలుగు మీడియం వాళ్లకు మొదటి సెమిస్టర్ అంతా టెన్షన్. ఇరవై పేజీల వ్యాసం ఇస్తారు, మొదటి పేజీలోనే నలభై తెలియని మాటలు. డిక్షనరీ పట్టుకుని వరుసగా చదవకండి, నాలుగో పేజీలోనే ఆగిపోతారు. మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు ముందు చదవండి. రాసినావిడ ఎవరితో గొడవ పడుతోందో పట్టుకోండి. ఈ వ్యాసాలన్నీ ఎవరో ఒకరికి జవాబుగా రాసినవే. ఆ గొడవ దొరికితే మిగతాది దారిలో పడుతుంది. తర్వాత ఇంటికి ఫోన్ చేసి, ఆ వాదనను మామూలు మాటల్లో అమ్మకు చెప్పండి. ఆవిడ "అంతేనా, అది మాకు తెలీదా" అంటే మీకు అర్థమైనట్టే. కొన్నిసార్లు "అలా కాదు" అంటుంది. అది నోట్‌బుక్‌లో రాసుకోండి, క్లాసులో పనికొస్తుంది.

తెలుగులో కూడా చదవండి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్లోనే ఉంటుంది. ఇంటర్వ్యూ ఎలా చేయాలో నేర్పిన పాఠ్యపుస్తకం నాకు అదే.

అన్నిటికంటే ముందు, మన ఇంటి ముంగిట్లో ఉన్నది చదవండి. విజయనగరంలో గురజాడ ఇల్లు చూసే ఉంటారు. కన్యాశుల్కం 1897లో అచ్చయినప్పుడు ఆయన ఇంగ్లిష్‌లో ఒక ముందుమాట రాశారు. నాటకం చదివినవాళ్లు చాలామంది దాన్ని దాటేస్తారు. విజయనగరం మహారాజు తయారు చేయించిన ఒక జాబితా గురించి అందులో ఉంది: అప్పటి విశాఖపట్నం జిల్లాలో, విజయనగరం కూడా అందులోదే, బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లు 1,034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు.

ఈ అంకెలు చూసి "అయ్యో" అనడం ఎవరైనా చేస్తారు. ఈ కోర్సులో మీ పని దాని తర్వాత మొదలవుతుంది. ఈ లెక్క ఎవరు తీశారు? గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది తండ్రా, పెళ్లిళ్ల పేరయ్యా? ఓలి (పిల్ల తరఫువాళ్లకు ఇచ్చే సొమ్ము) ఇచ్చి పెళ్లి చేసుకునే ఇతర కులాల పిల్లలు ఈ జాబితాలో ఎందుకు లేరు? వాళ్ల సంగతి రాజుగారికి సమస్యగా కనబడలేదా? ఆ ముగ్గురు ఏడాది పిల్లలు పదిహేనేళ్లకు ఎలా ఉన్నారు, ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది? చేరకముందే ఇలా ఒక పేజీ ప్రశ్నలు రాసి చూడండి. రాయగలిగితే మీకు ఈ సబ్జెక్టు వస్తుంది.

ఫీల్డ్ వర్క్

ఎం.ఏ. రెండో ఏడాది డిసర్టేషన్, అంటే సొంతంగా చేసి రాసే పరిశోధన, ఉంటుంది. మన పిల్లలు విషయం కోసం ఢిల్లీ వైపు చూస్తారు. మన దగ్గర ఉన్నవి చూడండి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి సన్న నూలు వడికే ఆడవాళ్లు ఉన్నారు. ఖద్దరుకు అంత పేరు, వడికిన చేతికి ఎంత ముడుతోంది? పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టి, తొక్క తీసి, గుండు, బద్ద వేరు చేసేవాళ్లు ఉన్నారు. జీడిసొన తగిలిన చేతులు చూస్తే చాలు, ఇంకేం అడగక్కర్లేదనిపిస్తుంది, అయినా అడగాలి. మగవాళ్లు గుజరాత్‌లో వీరావల్ పడవల మీదకు వెళ్లిపోతే నెలల తరబడి ఇల్లు, అప్పు నడిపే మత్స్యకార కుటుంబాల ఆడవాళ్లు ఉన్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషిని డయాలసిస్‌కు తిప్పేది ఎవరు, దాని వల్ల వాళ్ల కూలి ఎంత పోతోంది?

ఏం అడగాలన్నది అన్నిటికంటే కష్టం. "మీరు పని చేస్తారా?" అని అడిగితే మన ఊళ్లో ఏ పెద్దావిడైనా "పనేటి లేదమ్మా, ఇంటికాడే ఉంతాను" అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆవిడ చేతులు ఆగవు, చేటలో పప్పు ఏరుతూనే ఉంటుంది. మీరు ఫారంలో "పని లేదు" అని టిక్ పెడితే ఆవిడ రోజంతా లెక్కలోంచి పోయినట్టే. అందుకని పని అన్న మాటే ఎత్తకండి. "నిన్న కోడి కూసినప్పుడు లేచారా, తర్వాతా? లేచాక మొదట ఏం చేశారు?" అని మొదలుపెట్టి పడుకునేదాకా తీసుకురండి. గడియారం చూడనివాళ్లను బడిగంట, బస్సు వచ్చే వేళ, టీవీ సీరియల్ గుర్తులుగా అడగాలి. కేంద్రం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే కూడా ఇలా రోజును ముక్కలు చేసి అడిగిందే. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97. మళ్లీ 2024లో అడిగితే 289, 88. మగవాళ్లది కూడా తగ్గిందని గమనించారా? మా మేడమ్ అయితే ఈ రెండు జతల అంకెల మీద ఒక పూట పాఠం చెప్పగలరు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా పద్ధతిలో భాగమే. ఉపాధి పని రోజుల్లో పొద్దున వెళ్తే ఊళ్లో ముసలివాళ్లే ఉంటారు. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక గంటా గంటన్నర దొరుకుతుంది. కోడలితో మాట్లాడుతుంటే అత్త గుమ్మంలో కూర్చుంటుంది, లేవమని చెప్పలేం. మేం ఇద్దరం వెళ్లి, ఒకరం అత్తగారితో పాత రోజుల ముచ్చట్లలో పడతాం. హింస గురించి మాత్రం పక్కన ఎవరు ఉన్నా అడగొద్దు, మీరు వెళ్లిపోయాక దెబ్బలు తినేది ఆవిడ. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే జిల్లా సఖి కేంద్రం చిరునామా దగ్గర పెట్టుకోండి, ఆవిడ తనంతట అడిగితే ఇవ్వడానికి. "పథకం కోసం రాసుకుంటున్నావా అమ్మా?" అని ప్రతి ఇంట్లో అడుగుతారు. కాదని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. ఆశతో చెప్పిన జవాబులకు విలువ ఉండదు, వాళ్లకూ అన్యాయం.

క్లాసులో మీ యాస విని నవ్వేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ఫీల్డుకు వెళ్లిన రోజున వాళ్లే మీ వెనక నడుస్తారు. కులం గురించి చర్చ వచ్చినప్పుడు మీ కులం మిగతావాళ్లను ఎలా చూసిందో కూడా మాట్లాడాల్సి వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి.

ఉద్యోగాలు

మన జిల్లా డిగ్రీ కాలేజీల్లో ఉమెన్స్ స్టడీస్ పేరుతో లెక్చరర్ పోస్టు దొరుకుతుందని లెక్క వేసుకోకండి. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఇది విడి సబ్జెక్టుగా ఉంది, ఎం.ఏ. చివరి ఏడాదిలోనే రాయొచ్చు. మాస్టర్స్‌లో 55 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50 శాతం రావాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీకి నెలకు 37,000 రూపాయలు. జేఆర్‌ఎఫ్ వయసు పరిమితిలో ఆడవాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉంది, పెళ్లయి ఆగిపోయినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బయట సఖి కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, సర్వే ప్రాజెక్టులు ఉన్నాయి. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యురాలు కావాలి, శిక్షణ ఇచ్చేవాళ్లు కావాలి. అయితే ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. మొదట్లో మీ బీటెక్ కజిన్‌తో పోల్చుకోకండి.

చదువుతుండగానే ఎక్సెల్, తెలుగు టైపింగ్ రెండూ నేర్చేసుకోండి. రికార్డు చేసిన ఇంటర్వ్యూలు విని మాట పొల్లుపోకుండా టైప్ చేసేవాళ్ల కోసం పరిశోధకులు వెతుకుతుంటారు. మన యాస, సవర మాట్లాడే ఊళ్ల సంగతి తెలిసినవాళ్లు మరీ తక్కువ. నాకు మొదటి జీతం వచ్చింది ఆ పనికే.