పాత అలాయ్ వీల్స్ కొనేముందు చూసుకోవాల్సినవి

డబ్బు ఇచ్చేముందు మీ కారు పీసీడీ తెలుసుకోండి. అంటే బోల్టు రంధ్రాల మధ్యబిందువుల మీదుగా వెళ్లే వలయం వ్యాసం. మన స్విఫ్ట్‌కి 4×100 (అంటే నాలుగు రంధ్రాలు, 100 మి.మీ. వ్యాసం), క్రెటాకి 5×114.3.

నాలుగు రంధ్రాలైతే ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి కొలవండి. ఫోర్డ్ ఫిగోది 4×108. స్విఫ్ట్ వీల్ పక్కన పెట్టి చూస్తే తేడా కంటికి ఆనదు. అమ్మేవాడు "కాస్త గట్టిగా బిగిస్తే కూర్చుంటుందన్నా" అంటే ఒప్పుకోకండి. అలా బిగించిన నట్లు నడిరోడ్డు మీద వదులవుతాయి, స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) విరగొచ్చు. ఇంట్లోవాళ్లని ఎక్కించుకునే బండి మరి.

అయిదు రంధ్రాలైతే ఎదురుగా మరో రంధ్రం ఉండదు. పక్కపక్క రంధ్రాల దూరాన్ని 1.7తో గుణించండి: 67 మి.మీ. వస్తే దాదాపు 114.

వీల్ మధ్య రంధ్రం హబ్ (కారు వైపు వీల్ కూర్చునే భాగం) కన్నా చిన్నదైతే వదిలేయండి. పెద్దదైతే ఆ ఖాళీని నింపే హబ్ రింగ్ కావాలి. వెనక అచ్చేసిన ఈటీ నంబర్ (వీల్ వెడల్పు మధ్యగీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మి.మీ. దూరమో చెప్పేది) కంపెనీ వీల్‌కి దగ్గరగా ఉండాలి.

వీల్‌ని తిరగేసి లోపలి అంచు వేలితో తడమండి. వెల్డింగ్ గీత తగిలితే ఎంత చవకైనా వద్దు.

నట్ల కోన్ (ఏటవాలు అంచు) వీల్‌లో అది కూర్చునే సీటుకి సరిపోవాలి. మొదట చేత్తోనే తిప్పి ఎక్కించండి. 100 కి.మీ. తిరిగాక మళ్లీ బిగింపు చూడండి.