పాఠం 4: రెండవ త్రైమాసికం – నెలల లెక్క నుంచి వారాల లెక్కకు

గత పాఠంలో వేవిళ్ల గురించీ ఫోలిక్ యాసిడ్ మాత్రల గురించీ చెప్పుకున్నాము. ఈ పాఠంలో నేర్వవలసిన పని గర్భాన్ని వారాల్లో లెక్కించడం. 14వ వారం నుంచి 27వ వారం చివరి వరకు సాగే ఈ కాలంలో పరీక్షలన్నీ వారాలను బట్టే జరుగుతాయి కనుక, లెక్క తప్పితే పరీక్ష కూడా తప్పిపోతుంది.

ఆఖరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టాలి. అది ఏప్రిల్ 1 అనుకుందాం. జూలై 8కి 14 వారాలు, ఆగస్టు 5కి 18, ఆగస్టు 19కి 20, సెప్టెంబరు 16కి 24, అక్టోబరు 14కి 28 నిండుతాయి. బహిష్టులు సక్రమంగా రానివారు మాత్రం తొలి నెలల స్కాన్‌లో డాక్టరు నిర్ణయించిన తేదీనే పట్టుకోవాలి.

ఇంట్లో కొందరు పెద్దవాళ్లు నెల తప్పిన నాటి నుంచి లెక్కిస్తారు. ఆ లెక్కన ఐదో నెల ఆగస్టు చివర్లో గాని రాదు, అప్పటికి 21 వారాలు దాటిపోతాయి. బిడ్డ అవయవాల ఎదుగుదలను చూసే టిఫా స్కాన్‌ను సాధారణంగా 18–20 వారాల మధ్య చేయిస్తారు కనుక, ‘ఐదో నెల పడ్డాక చూద్దాంలే’ అని ఊరుకోవడం సరికాదు. (ఆ స్కాన్‌లో ఆడో మగో అడగడమూ, చెప్పడమూ 1994 నాటి చట్టం ప్రకారం నేరమే.) లంక గ్రామాల వారికి ఈ లెక్క మరీ ముఖ్యం. మన ఉదాహరణలో స్కాన్ పడిన ఆగస్టు గోదావరికి వరదలు వచ్చే నెల. కాజ్‌వే మునిగి పడవ తప్ప వేరే దారి లేని రోజున బయలుదేరడం కంటే, నీరు పెరుగుతున్న కబురు అందగానే అమలాపురం వైపో రాజోలు వైపో గట్టు మీద ఉన్న బంధువుల ఇంటికి చేరుకోవడం మేలు.

బిడ్డ కదలిక తొలిచూలులో 18–20 వారాలకు, మలిచూలులో ఇంకాస్త ముందే తెలుస్తుంది. మొదట్లో అది నీళ్లలో చేపపిల్ల తోక విదిలించినట్లు ఉండి, చాలామందికి గ్యాస్ అనే అనిపిస్తుంది. సుమారు 20 వారాలకు గర్భాశయం పైఅంచు బొడ్డు దాకా వస్తుంది.

ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కేంద్రపు నర్సమ్మ) ఇచ్చే ఎర్రని ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాల్షియంతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అందువల్ల డాక్టరు వేరుగా చెప్పకపోతే కాల్షియం టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి పెట్టుకుని, ఐరన్‌ను మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు వేసుకోవచ్చు. సరిగ్గా ఆ వేళకే మన ఇళ్లలో టీ కాగుతుంది. టీ కూడా ఇనుమును అడ్డుకుంటుంది కనుక దానిని కనీసం గంటసేపు వెనక్కి జరపాలి, ఇంటికొచ్చిన చుట్టాలు ఏమనుకున్నా సరే. మలం నల్లబడితే భయపడి మాత్ర మానకూడదు. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనతే. మోతాదు డాక్టరే మారుస్తారు.

24–28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. చక్కెర 140 గాని అంతకు మించి గాని ఉంటే గర్భకాలపు మధుమేహంగా పరిగణిస్తారు.

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, చూపు మసకబారేంత తలనొప్పి, ముఖం వాపు, తెలిసిన కదలిక తగ్గిపోవడం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

అభ్యాసం: మీ తేదీతో 14, 18, 20, 24, 28 వారాలు నిండే రోజులను లెక్కగట్టి తల్లీబిడ్డల కార్డు లోపల రాసుకుని, ఏఎన్ఎం చేత సరిచూపించుకోండి. వచ్చే పాఠంలో కదలికలను లెక్కించడం నేర్చుకుంటాము; అప్పటికి ఆ కార్డు దగ్గర ఉంచుకోండి.