మూస్‌లో మెటాక్లాస్‌కి రోల్ తగిలించడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ వెతుక్కునేవాళ్ల కోసం నడిచే ఒక పెర్ల్ అప్లికేషన్ మీ చేతికొచ్చిందనుకుందాం. అందులో దిగినవాళ్ల ఫోన్, ఆధార్ నంబర్లు లాగ్ ఫైల్లో ఉన్నవి ఉన్నట్టే పడుతున్నాయి. ప్రతి క్లాసులోనూ అదే జాగ్రత్త రాసుకుంటూ పోవడం కన్నా, ఆట్రిబ్యూట్‌ని ప్రకటించే హ్యాజ్ దగ్గర 'మాస్క్‌డ్' అని ఒక ఆప్షన్ పెడితే సరిపోయేలా చేసుకోవచ్చు. 2006లో స్టీవన్ లిటిల్ తెచ్చిన మూస్ అనే పెర్ల్ ఆబ్జెక్ట్ సిస్టమ్‌లో క్లాసుని వర్ణించేది కూడా ఒక ఆబ్జెక్టే, దాన్నే ఇక్కడ మెటాక్లాస్ అంటున్నాం. క్లాసు మీద మెటా మెథడ్ పిలిస్తే అది చేతికొస్తుంది. ఒక్కో ఆట్రిబ్యూట్‌కీ అలాంటి మెటా ఆబ్జెక్ట్ ఉంటుంది. మనం మార్చాల్సింది దాన్నే.

"మూస్ మెటా ఆట్రిబ్యూట్‌కి సబ్‌క్లాస్ రాసుకుంటే పోలా అన్నా?" అని టీములో కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. మన ఎక్స్‌టెన్షన్ ఒక్కటే ఉన్నన్నాళ్లు సరిపోతుంది. పేరెంట్ క్లాసు ఇంకొకరి సబ్‌క్లాస్‌నీ, చైల్డ్ క్లాసు మనదాన్నీ వాడిన రోజున ఏది ఉంచాలో మూస్‌కి తెలియదు. రెండూ పొసగట్లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తేడా రోల్స్ (క్లాసులోకి కలుపుకునే ఆట్రిబ్యూట్లు, మెథడ్ల మూటలు) దగ్గరే అయితే రెండు వైపులవీ కలిపి తనే సర్దుకుంటుంది. అందుకే రోల్ రాయమంటాను.

ఒకే ఒక్క ఆట్రిబ్యూట్‌కి కావాలంటే ఇంత హంగామా అక్కర్లేదు. ఆ హ్యాజ్‌లోనే ట్రెయిట్స్ కింద రోల్ పేరు ఇస్తే చాలు. చాలా క్లాసుల్లో కావాలంటేనే ముందుకెళ్లండి.

1. రోల్ రాయండి. కొత్త ప్యాకేజీలో మూస్ రోల్ లోడ్ చేసి, బూల్ టైపుతో, డీఫాల్ట్ 0తో 'మాస్క్‌డ్' అనే ఆట్రిబ్యూట్ పెట్టండి. దాని కింద లాగ్‌లో వేయాల్సిన విలువనిచ్చే మెథడ్ ఒకటి రాయండి. అది ఆబ్జెక్ట్‌ని తీసుకుని, గెట్ వాల్యూతో అసలు విలువ చదివి, మాస్క్‌డ్ అయితే మాస్క్‌డ్ ఆధార్‌లో లాగా చివరి 4 అంకెలే తిరిగిస్తుంది. ఇక్కడ సెల్ఫ్ అంటే పీజీలో దిగిన మనిషి ఆబ్జెక్ట్ కాదు, ఆట్రిబ్యూట్‌ని వర్ణించే మెటా ఆబ్జెక్ట్. కొత్తవాళ్లు తికమకపడేది ఎక్కువగా ఇక్కడే.

2. ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీ కట్టండి. మూస్ ఎక్స్‌పోర్టర్ లోడ్ చేసి సెటప్ ఇంపోర్ట్ మెథడ్స్ పిలవండి. అందులో క్లాస్ మెటారోల్స్, దాని లోపల ఆట్రిబ్యూట్ అనే కీ, దానికి మన రోల్ పేరున్న లిస్టు. అంతే. ఇక్కడ ఆట్రిబ్యూట్ బదులు క్లాస్ అనే కీ ఇస్తే రోల్ క్లాసు మెటాక్లాస్‌కే తగులుతుంది. టేబుల్ పేరు లాంటి, క్లాసు మొత్తానికి చెందిన సమాచారానికి అది సరైన చోటు.

3. వాడే క్లాసులో ముందు మూస్, ఆ తర్వాతి లైన్‌లో మన ఎక్స్‌టెన్షన్ యూజ్ చేయండి. తారుమారైతే రోల్ తగిలించడానికి మెటాక్లాసే ఉండదు, ఎర్రర్ వస్తుంది. ఈ టెన్షన్ వద్దనుకుంటే రెండో మెట్టులో ఆల్సో కింద మూస్ పేరు ఇచ్చేయండి. అప్పుడు మన ఎక్స్‌టెన్షన్ ఒక్కటి యూజ్ చేస్తే చాలు.

4. లాగ్ రాసే చోట మెటా మీద గెట్ ఆల్ ఆట్రిబ్యూట్స్ పిలిచి ఒక్కొక్కటీ చూడండి. ఈ లిస్టులో పేరెంట్ క్లాసులవీ వస్తాయి. వాటికి మన రోల్ లేకపోవచ్చు కాబట్టి డజ్‌తో అడిగాకే మన మెథడ్ పిలవండి.

టెస్టుల్లో ఒక ఆట్రిబ్యూట్‌ని క్లాసులో కాకుండా రోల్‌లో పెట్టి చూడండి. ఆ రోల్‌ని కలుపుకున్న క్లాసు మన ఎక్స్‌టెన్షన్ వాడినా మాస్క్ పడదు, నంబరు పూర్తిగా లాగ్‌లోకి వెళ్తుంది. రోల్స్‌లోనూ పనిచేయాలంటే రోల్ మెటారోల్స్ కింద అప్లైడ్ ఆట్రిబ్యూట్ అనే కీకి కూడా అదే రోల్ ఇవ్వాలి.

క్లాసు మెటాక్లాస్‌లో ఆబ్జెక్ట్‌ని తయారుచేసే న్యూ ఆబ్జెక్ట్ మెథడ్‌ని ఎరౌండ్‌తో చుట్టినవాళ్లు, మేక్ ఇమ్యూటబుల్ చేశాక (అంటే క్లాసుని ఇక మార్చకుండా బిగించేశాక) కూడా టెస్టులు నడపాలి. అప్పుడు కన్‌స్ట్రక్టర్ ఇన్‌లైన్ అయిపోతుంది, అంటే దాని పనంతా ఒకే చోట రాసేసిన కోడ్‌గా మారుతుంది, న్యూ ఆబ్జెక్ట్‌ని ఎవరూ పిలవరు, మీరు చుట్టిన కోడ్ ఏ ఎర్రర్ లేకుండానే పక్కకు పోతుంది. మన మాస్క్ రోల్ ఆ దారిలో లేదు కాబట్టి దానికి ఈ బెడద లేదు.